వింటేజి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఏబదేండ్లు నిండి యేమార్పు లేకుండ
చట్రమింజనులవె చావకున్న
ఇరువదేలు కట్టి యేలుకో బండిని
పనికి దోలవలదు ప్రతిదినమ్ము

అవతారిక: కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజి బండ్ల రిజిస్ట్రేషను గురించి 81ఎ మొదలుగా కొన్ని కొత్త సూత్రాలు చేర్చింది. వాటి సారాన్ని ఆర్టీవో ఆఫీసు క్యూలో నిలబడ్డవాడెవడో ఇలా అల్లినట్టుంది. యతి చెడలేదు గనుక క్యూ బాగా పొడవైనదని ఊహించాలి.

టీక: ఏబదేండ్లు నిండి = తొలి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏళ్లు దాటి; ఏ మార్పు లేకుండ = అసలు రూపు చెడకుండా; చట్రము, ఇంజనులు అవె = ఛాసిస్, ఇంజను పాతవే అయి (బాడీ కూడా అని చేర్చుకోవాలి); చావకున్న = కొనవూపిరితోనైనా స్టార్టయ్యేదైతే; ఇరువదేలు కట్టి = రూ.20,000 ఫీజు చెల్లించి; బండిని ఏలుకో = పదేళ్లు అనుభవించు (ఆపై రూ.5,000తో పునరుద్ధరణ); ప్రతిదినమ్ము పనికి తోలవలదు = రోజువారీ అవసరాలకు, బాడుగకు రోడ్డెక్కించకు.

తాత్పర్యం: ముసలి బండికి గౌరవం దక్కాలంటే అది పని మానెయ్యాలి.

విశేషాలు: ర్యాలీకి, ప్రదర్శనకు, పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రం కదలవచ్చు. ఈ చివరిది శాస్త్రకారుడి దయ. బంకుకు వెళ్లాలంటే పెట్రోలు కావాలి, పెట్రోలు కావాలంటే బంకుకు వెళ్లాలి. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. వెనకటి నంబరు ఉన్న బండి దాన్నే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టరైతే రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అన్న అక్షరాలొస్తాయి.

పూర్వపక్షం: ‘అయ్యా, మా నాయన కొన్న హెచ్ఎంటీ జెటార్ ఉంది. పింజోరులో ఆ కంపెనీ ట్రాక్టర్లు మొదలుపెట్టిన 1971 నాటి సరుకు. సూత్రం పుట్టిన ఏడే దానికీ యాభై నిండాయి. మడ్‌గార్డుకు తుప్పు పట్టింది గానీ సెల్ఫు కొడితే పలుకుతుంది. దానికీ ఈ మర్యాద చెయ్యరా?’ అని ఒక రైతు.

సిద్ధాంతం: అది రేపు దమ్ముకు పోతుందా? పోతుంది. అయితే ఆశ వదులుకో నాయనా; పోకున్నా ఈ మర్యాద రెండు చక్రాల బండ్లకు, కార్లకే. పదిహేనేళ్లు దాటింది గనుక ఐదేళ్లకోసారి దాన్ని ఆఫీసుకు తోలుకెళ్లి రెన్యువల్ చేయించడమే నీ ప్రాప్తం. రాజావారి కారు షెడ్డులో కూర్చుని పదేళ్లు నిశ్చింతగా ఉంటుంది.

ఇక ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు సంగతి. అసలు వేదాంతం ఇక్కడే ఉంది. 1988 చట్టం లెక్కన ట్రాక్టరంటే బరువు మొయ్యడానికి కట్టనిది. మోసేది ట్రైలరు, అంటే మన ట్రక్కు. దానికి ఇంజనూ లేదు, స్టీరింగూ లేదు. అయినా అదే చట్టం దాన్ని మోటారు వాహనాల్లోనే కలిపింది. అలంకారం విభావన: కారణం లేకుండానే కార్యం పుట్టడం. ఇంత చక్కని లక్ష్యం ఏ ప్రబంధంలోనూ నాకు తగల్లేదు.

చదివే రైతులకు ఒక్క మాట. ట్రాక్టరు నంబరు ట్రక్కుకు చెల్లదు, దాని రిజిస్ట్రేషను దానిదే. కోతలు మొదలై ధాన్యం యార్డుకు తోలకముందే ఆ కాగితం ఉందో లేదో బీరువాలో వెతుక్కోండి.