కప్పకు క్షమాభిక్ష

కప్పలు మనకు సన్మానం చేయాల్సిన రోజులివి. 1987లో కప్పకాళ్ల ఎగుమతి ఆపేశాం. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ జంతుశాస్త్రం ల్యాబుల్లో కోతలు మానేయమంది. క్లోరోఫాం సీసా అటకెక్కింది. మైనం ట్రేలో అటెండరు టీ గ్లాసులు సర్దుకుంటున్నాడు. ఇంతటి కరుణామయులం, ఒక్క లోటు తప్ప: కోసిన రోజుల్లోనూ మనం కప్పను చూడలేదు, వదిలేశాకా చూడలేదు.

కోతల కాలం సంగతే తీసుకోండి. నలుగురికో కప్ప. కత్తెర అటెండరు చేతిలో, పుస్తకం లెక్చరర్ చేతిలో, పెన్సిలు పిల్లల చేతిలో. పూర్వం ఐరోపాలోనూ ఇదే వైభోగం. ఆచార్యులవారు ఎత్తు పీఠమెక్కి ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ గ్రంథం చదువుతుంటే, కింద క్షురకుడు శవాన్ని కోసేవాడు. గేలెన్ కోసింది కోతుల్ని, పందుల్ని. రాసింది మనిషి గురించి. గ్రంథానికీ శవానికీ పొత్తు కుదరకపోతే తప్పు శవానిదే! శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ తానే కత్తి పట్టి చూసి, 1543లో పుస్తకం వేసి ఆ పరువు కాస్తా తీశాడు. మన ల్యాబులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

వానాకాలపు ఆడకప్ప పొట్ట తెరిస్తే ముందు పొంగుకొచ్చేవి గుడ్లు. నలుపూ తెలుపూ, గుప్పెళ్లకొద్దీ. వాటిని తోసేస్తే గానీ పేగులు కనపడవు. పైన గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. రికార్డులో మాత్రం ఒక్క గుడ్డుండదు. జీర్ణవ్యవస్థ అచ్చు పుస్తకంలోలాగే, కుడివైపు వరసగా పేర్లతో. కళ్లకు కనపడింది గీసిన అమాయకుడికి ఎర్ర ఇంకుతో 'మళ్లీ గీయి'. ఆ బొమ్మ కోసమేనా ఒక ప్రాణం తీసింది?

ఇప్పుడు కప్ప కంప్యూటర్‌లో చస్తుంది, మీట నొక్కితే లేచి కూర్చుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్‌తో నాకు పేచీ లేదు, ఇన్‌స్పెక్షన్ నాడు తప్ప తెరవరనే బాధ. మిగతా రోజులు ల్యాబుకు తాళం. ఖర్చు తగ్గించే కరుణ ఏ యాజమాన్యానికి చేదు? నిజానికి చూడాలనుంటే కోతే అక్కర్లేదు. కప్పకు పక్కటెముకల్లేవు, గొంతుతో గాలి మింగి ఊపిరి తీసుకుంటుంది. గట్టు మీద కాసేపు కదలకుండా కూర్చుంటే ఆ గొంతు ఆడటం కత్తి లేకుండానే కనపడుతుంది. కాకపోతే గట్టుండాలిగా, చెరువు లేఅవుటైపోయింది. దాన్ని ఆపమన్న సర్క్యులర్ ఏ ల్యాబుకూ రాలేదు.

మొన్నటి వైవా చూడండి.

"కప్ప గుండెలో గదులెన్ని?"

"మూడు సార్."

"ఎలా తెలుసు?"

"బిట్ సార్. ఆప్షన్ సి."

ఎగ్జామినరు మెచ్చుకోలుగా తలూపి 30కి 30 వేశారు.