నిమ్మచెట్టు సాలీడు ఆత్మకథ

మైపాడు వైపు ఓ ఇంటి పెరట్లో, నిమ్మచెట్టుకీ కంచెకీ మధ్య కాపురముంటున్న సాలీడు చెప్పుకున్న కథ ఇది. ఇందులో 'నేను' వెతక్కండి. ఇంటివాళ్లు "అదుగో, అది" అని తప్ప అనరు, దానికీ అదే అలవాటైంది.

దాన్ని పోల్చుకోవడం సులువే. గూడు నట్టనడుమ తలకిందులుగా ఉంటుంది. ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జతచేసి చాపుతుంది కనుక నాలుగే ఉన్నట్టు కనిపిస్తాయి. వీపున పసుపు, గోధుమ రంగు అడ్డచారలు. కాళ్లు చాపిన దారినే గూటి మీద వంకరటింకర తెల్లకుట్టు, గుణకారం గుర్తులా. 1887లో స్వీడన్ శాస్త్రవేత్త థోరెల్ దీన్ని ఆర్జియోపె అనసుజ పేరుతో గ్రంథస్థం చేశాడు. ఆ కుట్టు ఎందుకో మాత్రం ఇంకా తేలలేదు. అతినీలలోహిత కాంతిని మెరిపించి పురుగుల్ని రప్పించడానికని కొందరు, పిట్టలు గూట్లోకి దూసుకురాకుండా హెచ్చరికని కొందరు. వాళ్లు వాదించుకుంటున్నారు, ఇది ఈగల్ని చుట్టేస్తోంది.

మగవాడి ఊసెత్తడం దానికి ఇష్టం ఉండదు. నాలుగు మిల్లీమీటర్లుంటే గొప్ప. జతకట్టాక చాలాసార్లు దీనికే ఆహారమైపోతాడు.

దాని అసలు ఫిర్యాదు బూజుకర్ర మీద. సంక్రాంతి ముందు దులిపే బూజంతా సాలీళ్లందరి పాపమూ కాదు. మూలల్లో చిందరవందరగా దారాలు లాగేది సన్నటి పొడుగు కాళ్ల సాలీడు. గోడ మీద అరచేయంత పరుచుకుని బల్లపరుపుగా కూర్చునే హెటెరోపోడా అనే సాలీడు అసలు వలే అల్లదు. రాత్రిళ్లు బొద్దింకల వెంటపడుతుంది, గుడ్ల సంచిని పొట్ట కింద పెట్టుకు తిరుగుతుంది. దాన్ని చీపురుతో కొడితే సంబరపడేది బొద్దింకలే.

వేపమాను బెరడులో బెరడైపోయే హెర్సీలియా సాలీడును చూడాలంటే ఓపిక కావాలి. వెనక రెండు తోకల్లా కనిపించేవి దారం తీసే అవయవాలు.

పెరడంతటిలో నిమ్మచెట్టు సాలీడుకి కుళ్లు పుట్టించేది మాత్రం మామిడి మీద ఉంది. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల వేషం వేసుకుని తిరిగే గెంతుడు సాలీడు అది. తల వెనక నొక్కుకుపోయిన సన్నటి నడుము, ముందరి కాళ్లు పైకెత్తి మీసాల్లా ఆడించడం. మిగిలినవి ఆరే కదా, చీమ లెక్క సరిపోయింది! కుట్టే చీమలంటే వేటాడేవాటికి జంకు, ఆ భయమే ఈ వేషధారికి రక్ష. మగదానికి దవడలు ముందుకు ఎంత సాగి ఉంటాయంటే, ఒక చీమ ఇంకో చీమను మోసుకెళ్తున్నట్టే ఉంటుంది. అనుమానం వస్తే కొమ్మ కదపండి. దారం వదులుతూ కిందికి జారితే సాలీడే, చీమకు ఆ విద్య లేదు.

బంధువుల గొప్పలకూ కొదవలేదు. పెన్నా డెల్టా వరిచేలల్లో తోడేలు సాలీళ్లు సుడిదోమను తింటాయి. ఇష్టమొచ్చినట్టు మందు కొడితే అవీ చచ్చి, దోమ మళ్లీ విజృంభిస్తుంది. శ్రీకాళహస్తిలో శివుడికి గూడల్లిన సాలీడు ఉండనే ఉంది. ఇక గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలీణ్ణి 1899లో శాస్త్రవేత్త పోకాక్ లోకానికి పరిచయం చేశాడు. దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లోని చెట్టు తొర్రలు. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల్లో అదొకటి. కాబట్టి మైపాడు పెరట్లో నీలంగా ఏదో కదిలిందని కేకలెయ్యక్కర్లేదు, అది ఏ తుమ్మెదో అయ్యుంటుంది.