నిండుగా రాసిన ఖాళీ పలక

అమెరికా బళ్లలో పాలసీ డిబేట్ అనే పోటీ ఒకటుంది. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఉండే మనవాళ్లు శనివారం తెల్లారకముందే పిల్లల్ని కార్లో దించి వచ్చేది ఇలాంటి వాటికే. పిల్లాడికి మాట్లాడటం వస్తుందని ఆశ. వస్తుంది కూడా, నిమిషానికి 350 మాటల చొప్పున. మధ్యమధ్య ఊపిరి ఎగబీల్చే చప్పుడొక్కటే కన్నవాళ్లకు అర్థమవుతుంది.

నా గొడవ పిల్లలతో కాదు, జడ్జీలతో. తీర్పు ఎలా చెప్తారో ముందే టాబ్‌రూమ్ అనే వెబ్‌సైట్‌లో రాసిపెట్టడం వాళ్ల ఆనవాయితీ. తాము ఖాళీ పలకలమనీ, తమకే అభిప్రాయమూ లేదనీ మొదటి వాక్యంలోనే సెలవిస్తారు. ఆ లేని అభిప్రాయాలు తర్వాత మూడు పేజీలు సాగుతాయి.

ఖాళీ పలక ధర్మం ఒక్కటే: అవతలి జట్టు కాదననిదల్లా నిజం. 2024-25లో హైస్కూలు పిల్లలకిచ్చిన అంశం మేధోసంపత్తి హక్కులు. పేటెంట్లు బిగిస్తే నాలుగో మెట్టులో అణుయుద్ధం, ఐదో మెట్టులో మానవజాతి అంతం అని ఒక జట్టు గడగడా చదివేస్తుంది. హడావుడిలో రెండో జట్టు దానికి బదులివ్వడం మరిచిందా, అంతే సంగతులు. జడ్జిగారు మనందరికీ తద్దినం పెట్టి, ఓటేసి, పిజ్జాకి లేస్తారు.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక్క పృచ్ఛకుణ్నే పెడతారు. ఇక్కడ రెండు జట్లలోని నలుగురు పిల్లలూ ఆ పనే చేస్తారు, న్యాయం పేరుతో. వాళ్ల వాదనలు ముందుగా డిబేట్ జట్ల ఉమ్మడి వికీలో పెట్టలేదు, మాకు అన్యాయం జరిగింది, ఓడించండి అంటారు వీళ్లు. ఆ నియమం ఎక్కడుందయ్యా అంటే, ఇప్పుడే, ఈ గదిలోనే పుట్టింది. అన్యాయమని మామీద నింద వెయ్యడమే అన్యాయం, కనుక మమ్మల్నే గెలిపించండి అంటారు వాళ్లు. గంటన్నరలో పేటెంట్ల మాట ఎత్తిన పాపాన ఎవరూ పోరు.

డబ్బున్న బడికి జీతమిచ్చి పెట్టుకున్న కోచ్‌లు, ఆధారాలు ఏరిపెట్టే మనుషులు, వేల డాలర్ల వేసవి శిబిరాలు. లేని బడి పిల్లాడికి ఒక పాత లాప్‌టాప్. ఈ తేడాకి మాత్రం ఖాళీ పలక మీద చోటుండదు.

కాలేజీ స్థాయిలో 2013లో కాన్సస్‌లోని ఎంపోరియా స్టేట్ నుంచి రయాన్ వాష్, ఎలైజా స్మిత్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు వచ్చారు. ఇచ్చిన అంశాన్ని తమ బతుకుల మీదుగా వాదించి, ఒకే ఏడాది రెండు జాతీయ కిరీటాలూ పట్టుకెళ్లారు. అంతకుముందు ఏ జట్టూ చెయ్యలేని పని. న్యాయప్రియులు కొందరికి ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఇది అసలు డిబేటే కాదన్నారు, వేరు కుంపటి మాటా ఎత్తారు. నిమిషానికి 350 మాటలు డిబేట్ అవునో కాదో అన్న సందేహం మాత్రం వాళ్లకు ఏనాడూ రాలేదు.

ఇంకో ముచ్చట. చాలాచోట్ల జట్లే జడ్జీలకు ముందుగా ర్యాంకులిస్తాయి, నచ్చని పేర్లు కొట్టేస్తాయి. పిల్లల కోసం వచ్చిన మన సుబ్బారావుగారిని ఎవరో బతిమాలి జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టారనుకోండి. ఆయన సిద్ధాంతం ఒకటే ముక్క: నెమ్మదిగా మాట్లాడండి బాబూ, అర్థమైతే ఓటేస్తాను. ఇంతటి పక్షపాతి ఇంకొకడు లేడని, అన్ని జట్లూ ఏకగ్రీవంగా ఆయన పేరే కొట్టేస్తాయి.