గళ్ల పెసరట్టు వారి వైభవం

చంద్రపూర్‌లో మే నెల ఎండ 47 డిగ్రీలు దాటుతుంది. రాత్రి తొమ్మిదింటికి గోడ మీద చెయ్యి వేసినా చురుక్కుమంటుంది. అలాంటి ఊళ్లో, రెండు వైపులా కాలే మెషిన్ ముందు నిలబడి ఒక్కో పెసర వాఫిల్‌కు నాలుగైదు నిమిషాలు కాపలా కాయడాన్ని మనవాళ్లు 'తేలికపాటి రాత్రి భోజనం' అంటున్నారు. ఊరి పక్కనే 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది కదా, కరెంటుకేం కొదవ అనుకున్నారేమో. ఐదుగురున్న ఇంట్లో చివరివాడి వంతు వచ్చేసరికి మొదటివాడికి మళ్లీ ఆకలేస్తుంది.

ఇంతకీ ఆ వాఫిల్‌లో ఉన్నదేమిటి? నానిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర. పెనం మీద పోస్తే పెసరట్టు. గళ్ల అచ్చులో పోసి మూత వేస్తే సేవరీ వాఫిల్: గ్లూటెన్ లేదు, ప్రొటీన్ ఉంది, షుగరు వాళ్లకు మంచిది. పెనం మీద ఉన్నన్నాళ్లూ ఆ పెసలకు ఈ గుణాలేవీ లేవు కాబోలు!

నూనె పిసినారితనం చేస్తే సగం పై రేకుకి, సగం కింది రేకుకి అతుక్కుని అట్టు నడిమికి చీలుతుంది. మెషిన్‌ను నీళ్లలో ముంచడానికి లేదు. ఇక ఒక్కో గడి మూలలోంచి మాడిన పిండిని టూత్‌పిక్‌తో తవ్వి తీయాలి. గనుల జిల్లా కాబట్టి తవ్వకం మనకు కొత్తేం కాదనుకోండి.

అసలు వాఫిల్ మీద నాకు పగేమీ లేదు. ఐరోపాలో మధ్యయుగాల నుంచీ పొడుగు పిడుల ఇనుప రేకుల మధ్య కాల్చుకుంటున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869లో అచ్చుకు పేటెంటు పుచ్చుకున్నాడు. పెన్సిల్వేనియాలో జర్మన్ మూలాల వాళ్లు దాని మీద ఉడికించిన కోడిమాంసం, గ్రేవీ పోసుకుని కడుపునిండా తింటారు. అక్కడ ఆ గుంతలకు పనుంది, గ్రేవీ నిలుస్తుంది. మనవాళ్లు గ్రేవీని అక్కడే వదిలేసి గుంతలు మాత్రం తెచ్చుకున్నారు.

గుంతలే ముద్దయితే బల్లార్‌పూర్‌లోనో రాజురాలోనో ఏ తెలుగు పెద్దమ్మనైనా అడగండి, సర్వపిండి చేసి చూపిస్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, పల్లీలు, ఉల్లికాడలు, కారం కలిపి, ముద్దను గిన్నె లోపల అడుగున పలచగా ఒత్తుతుంది. వేలితో గుంతలు పెట్టి ఒక్కోదాంట్లో నూనె చుక్క వేస్తుంది. ఆ నూనె అడుగుకు దిగి, అంచులు ఎర్రగా కాలి కరకరలాడతాయి. యంత్రం ఆమె చూపుడువేలే. పేటెంటు ఆఫీసు గడప ఆమె తొక్కలేదు, మనమూ వీడియో తీయలేదు.

ఆర్డరిచ్చి ఇంటికి తెప్పించుకునే వాళ్ల మాట ఎత్తకపోవడమే మర్యాద. వేడి వాఫిల్‌ను అట్టపెట్టెలో మూస్తే దాని ఆవిరికే అది మెత్తబడుతుంది. గుమ్మం దగ్గరికొచ్చేది గళ్ల స్పాంజి.

ఇంత చెప్పాక ఈ వాఫిల్ భక్తులు చివరి బాణం తీస్తారు: "ఏమోనండీ, మా పిల్లలు ఇదైతేనే తింటున్నారు." తింటున్నారు, నిజమే. ఒక్కో గడిలో టమాటా కెచప్ నిండేదాకా సీసా వంచి మరీ తింటున్నారు. ఒక్క రాత్రి ఆ సీసాను అలమరలో పెట్టి తాళం వేసి, పళ్లెంలో ఏం మిగిలిందో చూడండి.