నేను రోకలిబండను

ముందే చెబుతున్నాను, నేను జెర్రిని కాను. కుట్టను, కరవను. ముట్టుకుంటే చుట్టచుట్టుకుపోతాను. మరీ విసిగిస్తే కాస్త కంపు కొట్టే రసం వదులుతాను. నా పౌరుషమంతా అంతే. నల్లటి ఒళ్లు, ఎర్రటి కాళ్లు. మాది కెన్యా తీరం. మొంబాసా పక్కన బంబురిలో, హాలర్ పార్కు అనే అడవిలో కాపురం. ఈ అడవికి మట్టి చేసిపెట్టింది మా వంశమే అంటే కోతలనుకోకండి.

1954 నుంచి ఇక్కడ సిమెంటు కోసం పగడపు సున్నపురాయి తవ్వారు. పైనున్న మట్టి ఎత్తేశారు, కింది రాయి కోసుకుపోయారు, నీటిమట్టం దరిదాపుల్లోకి వచ్చాక ఆపారు. మిగిలింది ఎండకు కళ్లు చెదిరే తెల్లటి బండనేల. అడుగున ఉప్పదనం కలిసిన నీళ్లు. గడ్డిపోచకు కూడా ఆసరా లేదు.

1971లో రెనె హాలర్ అనే స్విస్ వ్యవసాయ నిపుణుడు ఈ గుంతలను పచ్చగా చేసే పనికి పూనుకున్నాడు. 26 జాతుల మొక్కలు నాటి చూస్తే మూడే నిలిచాయి. ఒకటి కొబ్బరి. రెండోది కోనోకార్పస్, మీ రోడ్ల డివైడర్లలో ముచ్చటపడి నాటి, ఇప్పుడు కొట్టించేస్తున్నారే, ఆ జాతిదే. మూడోది సరుగుడు. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో రైతులు వేసేదే. దాని వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు అందిస్తుంది. అందుకే బండ మీద కూడా సరుగుడు ఏపుగా ఎదిగింది.

చెట్లయితే వచ్చాయి గానీ మట్టి రాలేదు. సరుగుడు ఆకులో టానిన్ల వగరు ఎక్కువ. రాలిన సూదులు రాలినట్టే మేటవేశాయి. కుళ్లవు, ఎరువు కావు.

అప్పుడు హాలర్ కంట్లో పడింది మావాళ్లలో ఒకరు ఎండు సరుగుడు సూదిని కొరుకుతున్న దృశ్యం. ఇంకేం, మావాళ్లను వందల్లో ఏరి తెచ్చి చెట్ల కింద వదిలారు. మేం చేసిన ఘనకార్యం తినడమే. సూదిని ఒక కొసన పట్టుకుని పొడిపొడిగా నములుతాం. కడుపులోని సూక్ష్మజీవులు కొంత అరిగిస్తాయి. మిగిలింది చిన్న నల్లటి ఉండలుగా బయటికొస్తుంది. ఆ ఉండలను బూజులు, బ్యాక్టీరియా పట్టి హ్యూమస్‌గా మారుస్తాయి. ఏళ్ల తరబడి అదే పని. బండ మీద నల్లమట్టి పొర కట్టింది. వేరే చెట్లు వేళ్లూనుకున్నాయి, పక్షులు విత్తనాలు మోసుకొచ్చాయి, చేపల చెరువులు, మొసళ్లు, జిరాఫీలు వచ్చాయి.

2004 డిసెంబరులో మందకు దూరమైన ఓవెన్ అనే నీటిగుర్రం పిల్లను ఇక్కడికి తెస్తే, అది మ్జీ అనే ముసలి తాబేలుతో చెలిమి కట్టింది. లోకమంతా ఆ జంటను చూసి మురిసింది. వాళ్ల కాళ్ల కింద మట్టిని ఎవరు పట్టించుకుంటారు!

తవ్వి వదిలేసిన గుంతల్లో మొక్కలు నాటే పెద్దలకు నాదొక్క మనవి. ఏ మొక్క బతుకుతుందని అడుగుతున్నారు, బాగానే ఉంది. దాని ఆకు రాలితే తినేదెవరని కూడా అడగండి. తినేవాళ్లు లేకపోతే ఆకు ఆకుగానే, బండ బండగానే ఉండిపోతాయి. ఆ తినేవాళ్లను కూడా వెతికి తెచ్చాకే ఫొటో దిగండి.