కుప్పోపాఖ్యానము

హైదరాబాదు మహానగరమున ఏ కాలనీకి బోయినను, దేవాలయమునకో కిరాణా కొట్టునకో దారి యడుగవలసివచ్చునేమోగాని, చెత్తకుప్పకు దారి యెవ్వరిని అడుగ నక్కరలేదు. "ఇచ్చట చెత్త వేయరాదు, వేసినచో జరిమానా" అని ఎఱ్ఱని యక్షరములతో వ్రాసిన గోడ యెచ్చట నుండునో, సరిగా దాని పాదమూలముననే కుప్పయు వెలసి యుండును.

మా వీథి మలుపునందలి అట్టి గోడకు విముక్తి కలిగింపవలెనని కాలనీ యువకులు సంకల్పించి, ఒక యాదివారము పారలు, తట్టలు, చీపుళ్ళు సమకూర్చుకొని, "బాబాయిగారూ, తమరును దయచేయవలె" నని నన్నును వెంటగొనిపోయిరి. వారికి ఆదర్శము, వీథులను శుభ్రపఱచుటకు బెంగుళూరులో 2010లో బయలుదేరిన 'ది అగ్లీ ఇండియన్' అను అజ్ఞాతబృందము. ఆ బృందమువారు పేరు చెప్పరు, మొగము చూపరు. పని సాగింపుము, నోరు మూయుము అనునదే వారి మంత్రము. మావాండ్రు ఆ మంత్రమునందలి పూర్వార్ధమును శ్రద్ధగనే పాటించిరి. ఉత్తరార్ధము తెలుగువానికి దుస్సాధ్య మగుటచే విడిచిపెట్టిరి.

పైపొరయందు మొన్నటి విందులోని కాగితపు పళ్ళెములు, వాని క్రింద దిష్టి తీసిన గుమ్మడికాయ, ఆ క్రింద దూది వెడలిన పరుపు, అట్టడుగున ఎవరో స్నానాలగది మార్పించుకొన్ననాటి పగిలిన టైల్సు బయల్పడినవి. ఇండ్లు కట్టుటయందును కూల్చుటయందును పుట్టిన వ్యర్థములకు, పుట్టించినవారే బాధ్యులని 2016 నాటి కేంద్ర నిబంధనలు ఘోషించినను, ఆ టైల్సు యజమాని వానిని చదివినట్లు తోపలేదు.

ఇంతవఱకు సుఖముగనే సాగినది. గోడప్రక్కని రావిచెట్టు మొదట, అద్దము పగిలిన వేంకటేశ్వరస్వామియు, చట్రమూడిన లక్ష్మీదేవియు, తొండము విఱిగిన వినాయకుడును కొలువుదీరి యుండుట గాంచినంతనే పారలన్నియు నిలిచిపోయినవి. పాతపటమును చెత్తబుట్టలో వేయుట పాపమనియు, చెట్టుక్రింద విడుచుట పుణ్యమనియు నమ్మిన గృహస్థు, ఆ పాపమును మాకు దత్తము చేసి నిశ్చింతగా నింటికి బోయినాడు. నదిలో కలుపుదమని యొక డనెను. మూసీ స్థితి యెఱిగిన వేఱొకడు, దానికంటె ఈ కుప్పయే పవిత్రమని వాదించెను. అద్దమును తొలగించి కాగితమును అగ్నికి సమర్పింపవచ్చునని పురోహితులవారు విధింపగా, వీథిలో చెత్త తగులబెట్టుట నేరమని యొక విద్యార్థి యాక్షేపించెను. దేవుడు చెత్త యగునా, కాడా యను ఈ మీమాంస ముగియకమున్నే ఉపాహారమునకు వేళయైనది. వయసున పెద్దవాడనగుటచే దేవుళ్ళు మువ్వురును నాకు సంక్రమించిరి. ఇప్పటికిని మా మేడమెట్ల క్రిందనే యున్నారు.

కుప్పను తొలగించుట ఘనకార్యము కాదు. ఆ చోటును ఖాళీగా నిలుపుటయే బ్రహ్మప్రళయము. ముగ్గు వేసితిమి, మఱునాడు ముగ్గుమీదనే సంచి పడినది. తుదకు సిమెంటు బల్ల నొకటి వేయించి, పింఛనుదారులను వంతులవారిగా కూర్చుండబెట్టితిమి. వారి చూపునకును, ప్రశ్నలకును జంకనివాడు కాలనీలో లేడు.

అయినను రాత్రి పదునొకండు గంటలకు సంచి చంకనిడుకొని వాహ్యాళికి వెడలు మహాశయులకు నొక విన్నపము: ప్రొద్దుటనే స్వచ్ఛ ఆటో మీ గుమ్మము ముందరకే వచ్చును, తడిచెత్త, పొడిచెత్త వేఱుపఱచి దాని కొసగుడు. అదియును శ్రమ యని తోచినచో, సంచిలోని కొరియరు కవర్లమీద మీ పేరును, ఫ్లాటు నంబరునైనను చెఱిపివేయుడు. మా యువకులకు చదువు వచ్చును.