ఎడ్లకు నూట నలభై నాలుగు

2025 జూన్ 3 నుంచి 8 దాకా రాష్ట్రంలో ఎక్కడా పశువుల అంగడి పెట్టొద్దంటూ మహారాష్ట్ర గోసేవా ఆయోగ్ బజార్ సమితులకు ఉత్తరం రాసింది. 7న బక్రీదు. ఆవూ ఎద్దూ దొంగచాటుగా కోతకు పోకుండా ఈ జాగ్రత్త అట. ఎద్దును అమ్మొద్దనలేదు, కొనొద్దనలేదు. నలుగురూ ఒకచోట చేరి ఆ పని చేయొద్దన్నారంతే. కిన్వట్‌ను ఆనుకుని ఉన్న మా గోకుందలో దీన్ని ఒకటికి రెండుసార్లు చదివించుకుని విన్నాక మాకు తేలింది ఇదీ: ఇన్నాళ్ళూ మనుషులకు పెట్టిన 144 సెక్షన్‌ను ఈసారి ఎడ్లకు పెట్టారు. కొత్త సంహితలో దాని నంబరు 163కు మారిందంటారు గానీ, ఎడ్లకు ఇంకా పాత నంబరే అలవాటు.

కాబట్టి ఇక ఎద్దు కావలసినవాడు రైతు ఇంటికే వెళ్ళి చూసుకోవాలి. బాగానే ఉంది. కొట్టంలో మేత ఎలా మేస్తుందో చూడొచ్చు, పేడ చూసి కడుపు సంగతి చెప్పొచ్చు, ఇంట్లో పిల్లలు దగ్గరికి వెళ్తే కొమ్ము విసురుతుందో లేదో కళ్ళారా తెలుస్తుంది. మా పెద్దవాళ్ళూ అంగట్లో కంటికి ఆనిన ఎద్దును మళ్ళీ ఇంటి దగ్గర చూసిగానీ బయానా ఇచ్చేవాళ్ళు కాదు. చిక్కల్లా లెక్క దగ్గరే వచ్చింది. ఎన్ని ఎడ్లు చేరితే అంగడి అవుతుందో ఉత్తరంలో రాయలేదు.

మనుషుల విషయంలో అయిదుగురు గుమిగూడితే తప్పు. అదే కొలత ఎడ్లకూ పెడితే రెండు జతలు చట్టానికి లోబడినవి, అయిదో ఎద్దు తల దూర్చిందంటే నేరం. మా పక్కింటి కాకా దగ్గర రెండు జతలున్నాయి. ఆదిలాబాద్ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన దాపట ఎద్దు మొన్న చచ్చిపోయింది, మిగిలిన వలపటదానికి ఈడైన జోడు కావాలి. ఎత్తు కుదరాలి, నడక కుదరాలి. పక్కపక్కన కట్టి నాలుగడుగులు నడిపిస్తేగానీ తెలియదు. అందుకని తన ఎద్దును వెంట తోలుకొచ్చాడు. అది వాకిట్లోకి అడుగు పెట్టగానే లెక్క అయిదయింది. కాకా లేచి నిలబడ్డాడు. "అన్నా, నీ ఎద్దును గేటు అవతలే ఉంచు, అక్కడి నుంచే చూసుకోమను" అన్నాడు. గేటుకు ఇవతల ఒకటి, అవతల ఒకటి. రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. జోడు కుదిరిందో లేదో వాటికే తెలియాలి.

చట్టమన్నాక దాన్ని అమలు చేయడానికి పద్ధతంటూ ఉండాలి. నీళ్ళ తొట్టి దగ్గరికి రెండేసి చొప్పున వచ్చి, తాగి, వెంటనే చెదిరిపోవాలి. మంద కాసే పిల్లవాడు రెచ్చగొట్టినవాడి కిందికి వస్తాడు. ఒళ్ళు కడిగించుకుని, కొమ్ములకు రంగు పూయించుకుని, మెడలో గంట మోగిస్తూ కనిపించిన ఎద్దుకు అమ్ముడుపోవాలనే దురుద్దేశం ఉన్నట్టే లెక్క. దాన్ని ముందుజాగ్రత్తగా అదుపులోకి తీసుకోవచ్చు. పళ్ళు చూపించమని నోరు తెరిపిస్తే మాత్రం నినాదం కింద రాయాలి. ఆగస్టులో పొలాల అమావాస్య వస్తుంది. ఊళ్ళో ఉన్న ఎడ్లన్నీ ఆ రోజు ముస్తాబై గుంపుగా ఊరేగుతాయి, పైగా బాజాలతో! ఆయోగ్ వారికి ఆ కుట్ర సంగతి ఇప్పుడే చెప్పిపెడుతున్నాను, తరవాత మమ్మల్ని అనొద్దు.

మేకలూ గొర్రెలూ బర్రెలూ అయితే పూర్తిగా అయోమయంలో పడ్డాయి. ఎద్దునూ కోయకూడదన్న 2015 నిషేధంలో అవి లేవు. కానీ అంగడి మూసేస్తే అందరికీ మూసినట్టే. ఎద్దుతో ఒకే మైదానంలో నిలబడ్డ పాపానికి మేక మీదా కేసు పడింది.

అంగడంటే పైవాళ్ళకు ఈ అనుమానం కొత్తదేమీ కాదు. 2017 మేలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం రాష్ట్ర సరిహద్దుకు 25 కిలోమీటర్ల లోపల పశువుల అంగడే ఉండకూడదు. మాకు తెలంగాణ అంతకన్నా దగ్గర. మా వియ్యంకులూ మా ఎడ్లూ సగానికి సగం ఆ వైపువే. ఆ ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ నియమాలను దేశమంతటా ఆపేసింది కాబట్టి బతికిపోయాం.

ఇంటి దగ్గర ఎద్దును చూడొచ్చు. ధర మాత్రం ఇంటి దగ్గర కనిపించదు. రుమాలు కింద వేళ్ళు పట్టుకుని దలాల్ ఎంత చెప్పినా, అవతలి చెట్టు కింద అలాంటి జతే ఎంతకు పోయిందో పది నిమిషాల్లో అంగడంతా పాకుతుంది. ఆ ఊసే అమ్మేవాడికి అండ. కొట్టంలో ఒక్క ఎద్దు, ఒక్క కొనుగోలుదారు మిగిలితే వాడు చెప్పిందే ధర.

అదీ ఏ రోజుల్లో? 8న మృగశిర. ఈసారి వానలూ ముందే వచ్చాయి. పత్తి గింజలకు, సోయాకు, ఎరువుకు చేతిలో డబ్బు కావాల్సింది ఈ వారమే. ముసలి ఎద్దును అమ్మి దుక్కికి పనికొచ్చేదాన్ని తెచ్చుకునేదీ ఈ వారమే. ఏడాదిలో ఉన్న 52 వారాల్లోంచి ఏరి ఏరి దీన్నే మూసేశారు. ఎవరిని ఆపడానికి? ఎద్దు కోత కూడా ఎప్పుడో 2015లోనే నేరమైంది, చేసినవాణ్ణి అక్కడే పట్టుకోండి. అంగట్లో అమ్మితే రసీదు ఉంటుంది, ఎవరిది ఎవరికి పోయిందో కాగితం ఉంటుంది. చీకటి పడ్డాక కొట్టంలో కుదిరిన బేరానికి ఏ కాగితమూ ఉండదు. గోవును కాపాడతామని చెప్పి ఆ కాగితాన్నే చించేశారు. ఇక రసీదు లేని ఎద్దుతో రోడ్డెక్కిన రైతు కోసం కర్రలు పట్టుకుని కాచుకునేవాళ్ళుంటారు. వాళ్ళు అయిదుగురు కాదు, యాభైమంది గుమిగూడినా ఏ సెక్షనూ గుర్తుకురాదు.

2024 సెప్టెంబరు 30న దేశవాళీ ఆవుకు రాజ్యమాత హోదా ఇచ్చారు. గోశాలలో ఉన్న ఆవుకు రోజుకు 50 రూపాయలన్నారు. నా కొట్టంలో ఉన్న ముసలి ఎద్దుకు ఎంత? పద్నాలుగేళ్ళు అరక లాగిన దాని గడ్డికి ఎంత? ఆ లెక్క ఏ ఉత్తరంలోనూ కనపడదు. అంగడి మూసినవాళ్ళు ఈ ఆరు రోజులూ మా ఊరికి రావాలి. ఇల్లిల్లూ తిరగండి, నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టుకోండి, బండికి కట్టి నడిపించుకోండి, ఎంతసేపు చూసినా ఎవరూ కాదనరు. చూశాక పోయిన నెల అంగట్లో పలికిన ధర నగదుగా చేతిలో పెట్టి, ఎద్దును మీ ఇంటికి తోలుకుపోండి.